"ఆడినందుకు, నగదు": 1892 అలెగేనీ క్లబ్ సీజన్ మీద ఒక ఆడిటర్ కేస్ స్టడీ

స్పోర్ట్స్ అసోసియేషన్ల సెక్రటరీలకీ ట్రెజరర్లకీ లెక్కల మీద క్లాసు చెప్పమని పిలిచినప్పుడల్లా నేను ముందు బోర్డు మీద ఐదు పద్దులు రాస్తాను. గేటు వసూళ్లు 1,683 డాలర్ల 50 సెంట్లు. ఎదుటి జట్టు వాటా 428. గ్రౌండు అద్దె 50. ముగ్గురు ఆటగాళ్ల ఖర్చులు 75. ఒక ఆటగాడికి, ఆడినందుకు, నగదు 500.

వీటిలో ఆడిటర్ దేన్ని పట్టుకుంటాడో చెప్పండి అంటాను. గది గదంతా చివరిదే అంటుంది. అంత మొత్తం ఒక్కడికి, అదీ నగదుగా! నేను పట్టుకునేది మాత్రం నాలుగోదాన్ని. 500 ఎవరికి ఇచ్చారో, ఎందుకిచ్చారో, ఎలా ఇచ్చారో కాగితం మీద ఉంది. 75 డాలర్ల "ఖర్చులు" అంటే ఏమిటి? రైలు టిక్కెట్టా, భోజనమా, లేక చేతిలో పెట్టిన మరో రకం డబ్బా? ఇరవై ఏళ్లకు పైగా క్లబ్బుల లెక్కలు చూస్తున్న నాకు "ఖర్చులు" అన్న మాట కనబడితే చాలు, పెన్ను ఆగిపోతుంది.

ఆ కాగితం అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని అలెగేనీ అథ్లెటిక్ అసోసియేషన్‌ది. 1892 నవంబరులో ఆడిన ఒక అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ లెక్క. ఇప్పుడది ఒహాయో రాష్ట్రం కాంటన్‌లోని ప్రో ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ దగ్గరుంది. వాళ్లు దాన్ని ప్రో ఫుట్‌బాల్, అంటే డబ్బు తీసుకుని ఆడే ఫుట్‌బాల్, పుట్టిన తేదీ సర్టిఫికెట్ అంటారు. అలెగేనీ పక్క ఊరు పిట్స్‌బర్గ్ మన తెలుగువాళ్లకు కొత్త ఊరేం కాదు, పెన్ హిల్స్ కొండ మీది వేంకటేశ్వరస్వామి గుడికి అమెరికా నలుమూలల నుంచీ మనవాళ్లు వెళతారు. అక్కణ్నుంచి కాంటన్ కారులో రెండు గంటల దూరం. గుడికి వెళ్లినవాళ్లు వీలుంటే అటు కూడా వెళ్లిరావాలని నా కోరిక.

ఎదురెదురు క్లబ్బులు

ఇప్పుడు అలెగేనీ అని వేరే ఊరు లేదు. 1907లో పిట్స్‌బర్గ్‌లో కలిపేశారు. 1892లో మాత్రం నదికి ఆవల ఒడ్డున అదో విడి నగరం. అక్కడి అథ్లెటిక్ అసోసియేషన్ 1890లో ఫుట్‌బాల్ జట్టు కట్టింది. కట్టినవాళ్లలో ముఖ్యులు జాన్ మూర్‌హెడ్, ఓ.డి. థాంప్సన్. ఇద్దరూ యేల్ యూనివర్సిటీలో చదువుకున్నవాళ్లు. అప్పట్లో ఆ ఆటకు పుట్టిల్లు లాంటిది యేల్. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

నదికి ఇవతల పిట్స్‌బర్గ్ అథ్లెటిక్ క్లబ్. వీళ్ల జట్టు ఒక ఏడాది తర్వాత, 1891లో మొదలైంది. రెండూ ఊళ్లో డబ్బూ పరపతీ ఉన్నవాళ్ల పిల్లలు, కాలేజీ చదువు ముగించి ఉద్యోగాల్లో చేరినవాళ్లు సాయంత్రాలు కసరత్తుకు చేరే క్లబ్బులు. సభ్యత్వ రుసుము వాళ్లే కట్టేవారు, డబ్బు కోసం ఆడేవారు కాదు. కనీసం నియమావళిలో అలా ఉండేది.

ఆటను కూడా కాస్త చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు టీవీలో చూసేదానికీ అప్పటిదానికీ చాలా తేడా. బంతిని ముందుకు విసరడం నిషేధం. పట్టుకుని దూసుకెళ్లాలి, లేదా తన్నాలి. ఐదు గజాలు జరగడానికి మూడు అవకాశాలు. తలకు హెల్మెట్ లేదు. ఒక్కో సగం 45 నిమిషాలు. టచ్‌డౌన్‌కు, అంటే బంతిని ఎదుటి జట్టు గీత దాటిస్తే, 4 పాయింట్లు, దాని తర్వాత తన్నే గోల్‌కు 2, మైదానం నుంచి నేరుగా తన్నిన గోల్‌కు 5. మన కబడ్డీలో కూత పెట్టినవాణ్ని గొలుసు కట్టి పట్టుకునే దృశ్యాన్ని పదకొండుమందికి పదకొండుమందిగా ఊహించుకోండి. అలాంటి ఆటలో మధ్యలో గోడలా నిలబడి ఎదుటి గోడను కూల్చగల మనిషి ఒక్కడున్నా మ్యాచ్ ఆ జట్టుదే.

అమెచ్యూర్ అన్న మాట వెనక

అమెచ్యూర్ అంటే డబ్బు తీసుకోకుండా ఆడేవాడు. 1888లో ఏర్పడిన అమెచ్యూర్ అథ్లెటిక్ యూనియన్ (ఏఏయూ) చేతిలో క్లబ్బుల భవిష్యత్తు ఉండేది. ఏఏయూ ఒక క్లబ్బును ప్రొఫెషనల్ అని తేలిస్తే ఆ క్లబ్బుకు పోటీలు బంద్. పరుగుపందేలు, ఈత, అన్నీ పోతాయి. అయితే క్లబ్బుల మధ్య పోటీ పెరిగేకొద్దీ మంచి ఆటగాళ్లు కావాలి, వాళ్లు ఊరికే రారు. దాంతో దారులు పుట్టాయి. ఆటగాడికి ఊళ్లో ఉద్యోగం చూపించడం ఒకటి. 1890లో సాన్‌ఫ్రాన్సిస్కోలోని ఒలింపిక్ క్లబ్ మీద ఈ ఆరోపణే వచ్చింది. ఏఏయూ దాన్ని పూర్తి ప్రొఫెషనలిజం అనలేదు, "సెమీ ప్రొఫెషనల్" అని కొత్త మాట కనిపెట్టి సరిపెట్టింది. ఇంకొకటి గడియారం దారి. మ్యాచ్ అయ్యాక ఆటగాడికి బంగారు గడియారం బహుమతిగా ఇస్తారు. అతను దాన్ని తాకట్టు కొట్లో పెట్టి డబ్బు తీసుకుంటాడు. క్లబ్బు మనిషి ఆ గడియారాన్ని విడిపించి తెచ్చుకుంటాడు. వచ్చేవారం అదే గడియారం మళ్లీ బహుమతి. మూడో దారి ప్రయాణ ఖర్చులు రెండింతలుగా ఇవ్వడం.

ఈ మూడూ చదివినప్పుడు మొదటిసారి నాకు నవ్వు రాలేదు. మా ఆఫీసులోని ఫైళ్లే గుర్తొచ్చాయి. గడియారం స్థానంలో ట్రాక్‌సూట్, రెట్టింపు ప్రయాణ ఖర్చు స్థానంలో టీఏ డీఏ బిల్లు. చేసేవాళ్లు దొంగలు కారు, నూటికి తొంభైమంది ఆట మీద ప్రేమతో సొంత డబ్బు పోసుకునేవాళ్లే. ఇవ్వాల్సింది ఇస్తూ, ఇచ్చామని రాయకూడని స్థితిలో పడినవాళ్లు.

పిట్స్‌బర్గ్ క్లబ్బులో విలియం కిర్ష్‌నర్ అని వ్యాయామ శిక్షకుడు ఉండేవాడు. జీతం తీసుకునే ఉద్యోగి. ఫుట్‌బాల్ జట్టుకు మూలస్తంభం కూడా అతనే. అలెగేనీవాళ్ల ఫిర్యాదు ఏమంటే, ఫుట్‌బాల్ సీజన్ వచ్చేసరికి ఇతని జీతం పెరుగుతుంది, తీసుకునే క్లాసులు తగ్గుతాయి అని. ఇది నిజమో కాదో నేను తేల్చలేను కానీ, ఆడిట్ ప్రశ్నగా ఇంతకంటే పదునైనది ఉండదు. జీతాల రిజిస్టరూ క్లాసుల హాజరు పట్టీ పక్కపక్కన పెట్టి నెలవారీగా చూస్తే పది నిమిషాల్లో తేలే విషయం. నా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చే కుర్ర సీఏ ఆర్టికల్స్‌కు ఈ ఉదాహరణే చెబుతాను.

అక్టోబర్ 21

కొలంబస్ అమెరికా చేరి 400 ఏళ్లయిన సందర్భంగా ఆ రోజు దేశమంతా సెలవు. పిట్స్‌బర్గ్ క్లబ్ మైదానంలో రెండు జట్లూ మొదటిసారి తలపడ్డాయి. మూడువేల మందికి పైగా జనం, గేటు దగ్గర సుమారు 1,200 డాలర్లు. ఆట 6-6తో సమం. పిట్స్‌బర్గ్ తరఫున "స్టేయర్" అనే పేరుతో ఆడినతను నిజానికి పెన్ స్టేట్ కాలేజీ జట్టు కెప్టెన్ ఏ.సి. రీడ్ అని తర్వాత బయటపడింది.

ఇక్కడ రెండు విషయాలు నా దృష్టిలో సీజన్‌ను మలుపు తిప్పాయి. పేరు మార్చి ఆడించడం అలెగేనీవాళ్లకు మంట పెట్టింది, అది అందరూ చెప్పేదే. నాకు అంతకంటే ముఖ్యంగా అనిపించేది గేటు. ఒక్క సెలవురోజున, ఒక్క మైదానంలో 1,200 డాలర్లు. ఆ సాయంత్రం రెండు క్లబ్బుల మేనేజర్లూ ఇంటికెళ్లి కాగితం మీద ఏం లెక్కేసుకుని ఉంటారో ఊహించగలను. రీమ్యాచ్ నవంబర్ 12న, ఈసారి అలెగేనీ గడ్డ మీద, రిక్రియేషన్ పార్కులో. సమంగా ముగిసిన పోరుకు రెండో అంకం. జనం తప్పకుండా వస్తారు. వచ్చే డబ్బు కళ్లకు కనబడుతున్నప్పుడు ఖర్చుకు చెయ్యి సాగుతుంది. క్లబ్బుల లెక్కల్లో గాడి తప్పడం నష్టాల ఏడాదిలో మొదలు కాదు, మంచి వసూళ్లు వచ్చిన వారంలో మొదలవుతుందని నా అనుభవం.

మూడు వారాల బేరం

అదే అక్టోబరులో షికాగో అథ్లెటిక్ అసోసియేషన్ జట్టు తూర్పు రాష్ట్రాల్లో టూరు చేస్తోంది. అందులో విలియం హెఫెల్‌ఫింగర్ ఉన్నాడు, అందరూ పడ్జ్ అని పిలిచేవారు. మినియాపొలిస్ కుర్రాడు, 1867లో పుట్టాడు, యేల్ జట్టులో గార్డు. దేశంలోని మేటి కాలేజీ ఆటగాళ్లతో మొట్టమొదటి ఆల్-అమెరికా జట్టును 1889లో ఎంపిక చేస్తే అందులో ఉన్నాడు, తర్వాతి రెండేళ్లూ ఉన్నాడు. ఆరడుగుల మూడంగుళాల మనిషి. అంత పేరున్నవాడు చేసేది రైల్వే ఆఫీసులో చిన్న జీతం ఉద్యోగం. టూరు కోసం సెలవు పెట్టి వచ్చాడు.

పిట్స్‌బర్గ్ మేనేజర్ జార్జ్ బార్బర్ ఈ జట్టు ఆట చూశాడు. నెలాఖరుకల్లా పిట్స్‌బర్గ్ పత్రికలో ఒక పుకారు అచ్చయింది. హెఫెల్‌ఫింగర్‌కూ, అదే జట్టులోని నోల్టన్ ఏమ్స్‌కూ రీమ్యాచ్ ఆడితే చెరో 250 డాలర్లు ఇస్తామని బార్బర్ అడిగాడని. ఆ వార్త చదివి మేలుకున్నది అలెగేనీ. థాంప్సన్ కబురు పంపాడు. యేల్ బంధం ఇక్కడ పనిచేసిందని నా ఊహ. ఏమ్స్ ఒప్పుకోలేదు, అమెచ్యూర్ హోదా పోతుందన్న భయం. హెఫెల్‌ఫింగర్ మాత్రం 250కి కుదరదు, 500 అయితే ఆలోచిస్తానన్నాడు. పోతే జీవితాంతం పోయే హోదాకు అతను కట్టిన వెల అది.

500 డాలర్లంటే ఎంతో ఆ ఊరి కొలతతోనే చూడాలి. పిట్స్‌బర్గ్ పక్కనే హోమ్‌స్టెడ్ ఉక్కు కర్మాగారంలో ఆ ఏడాది జూలై 6న కార్మికులకూ, కంపెనీ దింపిన పింకర్టన్ కాపలాదారులకూ తుపాకుల పోరు జరిగింది. అక్కడ మామూలు కూలీకి గంటకు 14 సెంట్లు. ఆ లెక్కన 500 డాలర్లు 3,500 గంటలకు పైగా పని. రోజుకు 12 గంటల చొప్పున దాదాపు 300 రోజులు. సమ్మె కూలిపోయింది నవంబర్ 20న, అంటే ఈ మ్యాచ్ అయిన ఎనిమిది రోజులకు. రెండూ ఒకే ఊరి పత్రికల్లో ఒకే వారాల్లో వచ్చిన వార్తలు. నేను ఈ కేసు చెప్పేటప్పుడు ఈ మాట ఎప్పుడూ వదలను. ఆటగాడికి 500 ఇవ్వడం తప్పని కాదు. ఆ రోజుల్లో డబ్బు విలువ ఏమిటో తెలియకపోతే, ఒక సాయంత్రపు ఆటకు అంత పెట్టడానికి క్లబ్బు ఎంత తెగించిందో తెలియదు.

నవంబర్ 12

చలి, మంచు. అయినా మూడువేల మంది వరకూ వచ్చారు. పందేలు బాగా కాశారు. వార్మప్‌కు దిగిన అలెగేనీ జట్టులో పిట్స్‌బర్గ్‌వాళ్లు చూసింది ముగ్గురు కొత్తవాళ్లను: హెఫెల్‌ఫింగర్, ప్రిన్‌స్టన్‌లో ఆడిన బెన్ డొనెలీ, ఎడ్ మాలీ. ముగ్గురూ షికాగో టూరు మనుషులే. పిట్స్‌బర్గ్ జట్టు మైదానం వదిలి వెళ్లిపోయింది. ఆడం అంది.

వాళ్ల కోపంలో న్యాయం ఎంత? వాళ్ల జట్టులోనూ బయటివాళ్లు ఉన్నారు, కార్నెల్ నుంచి లోమాక్స్, స్టీల్టన్ నుంచి మార్టిన్. థాంప్సన్ వాదన కూడా అదే, మీరు తెస్తారని తెలిసే మేమూ తెచ్చామని. తామే అడిగి తెచ్చుకోలేకపోయిన మనిషి ఎదుటి జట్టు చొక్కాలో నిలబడ్డాడన్నదే అసలు మంట. ఇద్దరూ ఒకే పని చేశారు, ఒకరు ఎక్కువ ధరకు చేశారు. అందుకే ఎవరూ ఏఏయూ దాకా నోరు విప్పి మాట్లాడలేని పరిస్థితి. వాదులాట చాలాసేపు సాగింది. జనం చలిలో కాచుకుని కూర్చున్నారు.

ఇక్కడ గేటు డబ్బు మళ్లీ మాట్లాడింది. ఆడకపోతే మూడువేలమందికి టిక్కెట్టు డబ్బు తిరిగివ్వాలి, పిట్స్‌బర్గ్ వాటా కూడా పోతుంది. చివరికి మ్యాచ్‌ను ఎగ్జిబిషన్‌గా, అంటే ఉత్త ప్రదర్శనగా, ఆడదామని, పందేలన్నీ రద్దని ఒప్పందమైంది. పొద్దు వాలుతోంది కాబట్టి ఒక్కో సగం 45 నిమిషాలకు బదులు 30.

మొదటి సగంలో పిట్స్‌బర్గ్ ఆటగాడి చేతిలోంచి బంతి జారింది. హెఫెల్‌ఫింగర్ దాన్ని అందుకుని దాదాపు 35 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు. 4 పాయింట్లు. గోల్ తప్పింది. రెండో సగం 18 నిమిషాలు గడిచేసరికి చీకటి పడింది, ఆట ఆపేశారు. 4-0. సాయంత్రం మొత్తంలో ఇంకెవరూ పాయింటు చేయలేదు.

కాగితాన్ని ఎలా చదవాలి

ఖర్చుల మొత్తం 1,062 డాలర్లు. పైన చెప్పిన నాలుగు పద్దులూ కూడితే 1,053. మిగతా 9 డాలర్లు ఆ ముగ్గురి హోటల్ బిల్లు. వసూళ్లలోంచి తీసేస్తే మిగులు 621 డాలర్ల 50 సెంట్లు. కూడికలు సరిపోయాయి. నూటముప్ఫై ఏళ్ల కిందటి కాగితం మీద కూడిక సరిపోతే నాకు కలిగే సంతోషం ఇంకో ఆడిటర్‌కే అర్థమవుతుంది.

వృత్తిపరంగా చూస్తే మొదటి ప్రశ్న: 500 ఖర్చు పెట్టడం తెలివైన పనేనా? మిగులు చూసి అవునంటారు. నేను అంత తొందరగా అవునను. హెఫెల్‌ఫింగర్ అలెగేనీ తరఫున వస్తున్నట్టు జనానికి ముందు తెలియదు, కాబట్టి ఆ గేటు అతని పేరు మీద వచ్చింది కాదు. అక్టోబర్ 21న సమమైన ఆట తెచ్చిన గేటు అది. అంటే 500 డాలర్లు వసూళ్లను పెంచలేదు, గెలుపును కొన్నది. పైగా ఆ రహస్యమే మ్యాచ్‌ను దాదాపు చంపేసింది. పిట్స్‌బర్గ్ మనసు మార్చుకోకుండా ఇంటికెళ్లిపోయి ఉంటే 1,683 పోయేది, 500 మాత్రం బహుశా ఇవ్వాల్సే వచ్చేది. అతన్ని ముందే ప్రకటించి ఉంటే జనం రెట్టింపు వచ్చేవారేమో! ఆ పని చేయలేరు, ఎందుకంటే ప్రకటిస్తే ఏఏయూ వేటు. దాచిన చెల్లింపు తన విలువను తానే తినేస్తుందనడానికి ఇంతకంటే శుభ్రమైన లెక్క నాకు ఎక్కడా దొరకలేదు.

రెండో ప్రశ్న నేరేషన్. క్యాష్ బుక్కులో ప్రతి పద్దు కింద రాసే ఆ ఒక్క వాక్యం. ఆ రోజు లెక్క రాసిన మనిషి ఎవరో గానీ, అతనికి ఎన్ని తప్పించుకునే దారులున్నాయో చూడండి. 500ను ఆ 75లో కలిపి "ముగ్గురి ఖర్చులు 575" అని రాయొచ్చు. గడియారం కొన్నామని రాయొచ్చు. ఎదుటి జట్టు వాటాలో ఇరికించొచ్చు. ఏదీ చేయలేదు. డబ్ల్యూ. హెఫెల్‌ఫింగర్‌కు, ఆడినందుకు గేమ్ పెర్ఫార్మెన్స్ బోనస్, నగదు, 500 అని రాశాడు. ఊరికీ యూనియన్‌కీ పత్రికలకీ ఆ క్లబ్బు నిజం చెప్పలేదు. తన పుస్తకానికి చెప్పింది.

దాని ఫలితం చూడండి. హెఫెల్‌ఫింగర్ 1954లో చనిపోయాడు, డబ్బు తీసుకున్నానని ఎన్నడూ ఒప్పుకోలేదు. అప్పటివరకూ మొదటి ప్రొఫెషనల్ అని లోకం అనుకున్నది జాన్ బ్రాలియర్‌ను, 1895లో లట్రోబ్ ఊరి జట్టుకు 10 డాలర్లకు ఆడిన కుర్రాణ్ని. 1960లలో నెల్సన్ రాస్ అనే వ్యక్తి తాను తవ్వి తీసిన చరిత్రను టైపు చేసి పిట్స్‌బర్గ్ ప్రో ఫుట్‌బాల్ జట్టు స్టీలర్స్ ఆఫీసులో, ఆ జట్టు యజమాని కొడుకు డాన్ రూనీకి తెచ్చిచ్చాడు. ఆ దారి వెంట హాల్ ఆఫ్ ఫేమ్ చేతికి అలెగేనీ లెక్కల కాగితం అందింది. ఆడినవాడు చెప్పలేదు, ఆడించినవాళ్లు చెప్పలేదు, పద్దు చెప్పింది.

ఆ తర్వాతి వారాలు, ఏళ్లు

నవంబర్ 19న అలెగేనీ వాషింగ్టన్ అండ్ జెఫర్సన్ కాలేజీతో ఆడింది. డొనెలీకి 250 డాలర్లు ఇచ్చారు. 8-0తో ఓడిపోయారు. మొదటి వారం గెలుపు కొన్న పద్ధతి రెండో వారానికే పనిచేయలేదు.

మరుసటి ఏడాదికి క్లబ్బు పద్ధతి మార్చింది. 1893లో ముగ్గురు ఆటగాళ్లకు మ్యాచ్‌కు 50 డాలర్ల చొప్పున మాట్లాడుకుంది: రాఫర్టీ, వాన్ క్లీవ్, రైట్. ఒక్క హెఫెల్‌ఫింగర్ సాయంత్రానికి పెట్టిన డబ్బుతో ఒకణ్ని పది మ్యాచ్‌లు ఆడించొచ్చు. ఆటల బడ్జెట్ వేసేవాళ్లకు ఇది నా మనసులో 500 డాలర్ల పద్దు కంటే పెద్ద పాఠం, కానీ దీన్ని ఎవరూ గుర్తుపెట్టుకోరు. అదే ఏడాది పిట్స్‌బర్గ్ క్లబ్బు ఒక ఆటగాడితో, బహుశా గ్రాంట్ డైబర్ట్‌తో, సీజన్ మొత్తానికి కాంట్రాక్టు రాసుకుంది. తెలిసినంతలో ప్రో ఫుట్‌బాల్ తొలి కాంట్రాక్టు అదే.

ఏఏయూ చివరికి పట్టుకుంది. నగదు ఇచ్చారని తేల్చి అలెగేనీని శాశ్వతంగా వెలివేసింది. 1895లో జట్టు లేదు. 1896లో ఇక పోయేదేమీ లేదు కాబట్టి బాహాటంగా డబ్బిచ్చి ఒక జట్టును పోగుచేసి రెండే రెండు మ్యాచ్‌లు ఆడించారు, రెండూ గెలిచారు. ఆ జట్టులో హెఫెల్‌ఫింగర్ కూడా ఉన్నాడు. మొదటి పూర్తి ప్రొఫెషనల్ జట్టు అని దాన్నే అంటారు. ఆ రెండు మ్యాచ్‌ల ఖర్చుతో క్లబ్బు ఖజానా ఖాళీ అయింది, జట్టు అక్కడితో ముగిసింది.

నా క్లయింట్ల దగ్గర ఈ కేసు

కొన్నేళ్ల కిందట ఒక జిల్లా స్థాయి క్రీడా సంఘం లెక్కలు చూశాను. పేరు వద్దు. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద రిజిస్టరైన చిన్న సంఘం. సంక్రాంతి పండక్కి కబడ్డీ టోర్నమెంటు పెడతారు. క్యాష్ బుక్కులో మూడు రోజులకు "రిఫ్రెష్‌మెంట్స్" పద్దు చూసి కళ్లు తిరిగాయి. అంత మొత్తానికి ఊరంతా మూడు రోజులు అరటిపళ్లూ గ్లూకోజూ తిన్నా మిగులుతాయి. ట్రెజరర్ రిటైరైన టీచరుగారు, పద్ధతైన మనిషి. తలుపేసి అడిగితే కాసేపు మాట్లాడలేదు.

"పక్క జిల్లా నుంచి నలుగురు కుర్రాళ్లను తెచ్చామండీ. ఒక్కొక్కరికీ కవర్లో పెట్టిచ్చాం. ప్లేయర్లకు డబ్బులిచ్చామని రాస్తే గొడవవుతుందని ప్రెసిడెంటుగారు అన్నారు."

"గొడవ ఎవరితో మాస్టారూ?"

ఆయనకూ తెలియదు. మన దగ్గర ఇప్పుడు ఏఏయూ లాంటి భయం లేదు. ప్రో కబడ్డీలో ఆటగాళ్లను వేలంలో లక్షలు పోసి కొనడం దేశమంతా టీవీలో చూస్తోంది. అయినా చిన్న క్లబ్బుల్లో ఆటగాడికి ఇచ్చే డబ్బు అంటే ఇంకా చాటుమాటు వ్యవహారమే. ఆ చాటు వల్ల నష్టపోయేది ముందు కుర్రాడే. ఎంత చెప్పారో ఎంత ఇచ్చారో రుజువుండదు. కవర్లో తక్కువ ఉంటే ఎవరిని అడగాలి? మోకాలు విరిగితే ఆ రోజు మీ జట్టుకే ఆడాడని చూపే కాగితమేది?

ఆయన ముందు అలెగేనీ కాగితం పెట్టాను. పావుగంట చదివించి చెప్పాను. నాకు ఆయన అడిగిన ప్రశ్న ఇప్పటికీ గుర్తుంది: "మరి వాళ్లు నిజం రాసినా దెబ్బ తిన్నారు కదండీ?" మంచి ప్రశ్న. వాళ్లు దెబ్బతిన్నది రాసినందుకు కాదు, ఆ కాగితం బయటపడటానికి డెబ్బై ఏళ్లు పట్టింది. అప్పటి నియమం ఆటగాడికి కూలి ఇవ్వొద్దంది, వాళ్లు ఇచ్చారు, దొరికారు. మనకు ఆ నియమం లేదు. ఇవ్వొచ్చు. ఆటగాడికిచ్చే ఫీజు పరిమితి దాటితే టీడీఎస్, అంటే ఇచ్చేటప్పుడే పన్ను, కోయాలి, పదివేలు దాటిన చెల్లింపు బ్యాంకు ద్వారా పోవాలి, ఎవరికి ఎందుకిచ్చామో వోచర్ మీద ఉండాలి. అంతే కదా, చేయగలిగిందే.

ఆ ఏడాది లెక్కలో నేను ఆ పద్దుకు అభ్యంతరం రాయక తప్పలేదు. మాస్టారు బాధపడ్డారు, నాకూ బాధేసింది. మరుసటి సంక్రాంతికి ఆయన ముందే ఫోను చేసి వోచర్ నమూనా అడిగారు. నేరేషన్ దగ్గర ఏం రాయాలంటే "ఆడినందుకు" అని రాయండి మాస్టారూ, అన్నాను.

టోర్నమెంటు అయ్యాక ఆ వోచర్లు తనిఖీకి నా టేబుల్ మీదికి వచ్చాయి. నాలుగు సంతకాలు, నాలుగూ తెలుగులో, ఒక్కో అక్షరం విడివిడిగా. ఒకదాని వెనక మాస్టారు పెన్సిల్‌తో చిన్నగా రాసి పెట్టారు: "ఈ అబ్బాయి ఒక జిరాక్స్ అడిగాడు, వాళ్ల నాన్నకు చూపించాలట. ఇవ్వొచ్చా?"

ఇవ్వండి అని పక్కనే రాసి పంపాను.